సూపర్‌హీరో కథకు ఎంత కాలం కావాలి?

సూపర్‌హీరో కథలు సినిమాలుగా రాణిస్తాయా, ఆరు నుంచి తొమ్మిది భాగాల లఘు ధారావాహికలుగా రాణిస్తాయా అన్న చర్చ కొన్నేళ్ళుగా సాగుతూనే ఉంది. ఇది సాధారణంగా డబ్బు చుట్టూ, తెర వెడల్పు చుట్టూ తిరుగుతుంది. సినిమాకు ఖర్చు ఎక్కువ పెడతారు కాబట్టి ఆకాశయుద్ధాలు అక్కడే చూడాలని ఒక పక్షం అంటుంది. టీవీలో వ్యవధి ఎక్కువ కాబట్టి పాత్రలను అక్కడే తీర్చిదిద్దగలరని రెండవ పక్షం అంటుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే వ్యవధి పెరిగినంత మాత్రాన పాత్రకు లోతు రాదు. ఆరు గంటలు నడిచీ ఒక్క మనిషినైనా మనకు పరిచయం చెయ్యలేని ధారావాహికలు ఉన్నాయి. రెండు గంటల్లో జీవితకాలం గుర్తుండే మనిషిని చూపించిన సినిమాలూ ఉన్నాయి. అందువల్ల ఈ వ్యాసంలో వేరొక ప్రశ్న అడుగుతాను. కథకు దొరికిన కాలాన్ని ఎవరి మీద ఖర్చు పెడుతున్నారు? వీరుడి మీదనా, వీరుడు చేసిన పని ఫలితాన్ని అనుభవించేవాళ్ళ మీదనా?

నా వృత్తి వైద్యం. వైద్యులకు కాలం కూడా ఒక పరీక్షా సాధనమే. అత్యవసర విభాగంలో చూసిన రోగిని ఆరు నెలల తరవాత క్లినిక్కులో చూస్తే ప్రశ్నలన్నీ మారిపోతాయి. మొదటిచోట ప్రాణం నిలుస్తుందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. నిర్ణయాలు నిమిషాల్లో జరగాలి, గదిలో ఉన్న అందరి దృష్టీ ఒక్క శరీరం మీదే ఉంటుంది. రెండవచోట, నిలిచిన ఆ ప్రాణంతో మనిషి ఎలా బతుకుతున్నాడు, నిద్ర పడుతున్నదా, పనికి వెళ్ళగలుగుతున్నాడా, ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారు అని అడుగుతాం. సినిమా మొదటి స్థితికీ, లఘు ధారావాహిక రెండవ స్థితికీ సహజంగా సరిపోయే రూపాలని నా అభిప్రాయం. దాన్ని నిరూపించడానికి కొన్ని కథల మలుపులు, ముగింపులు బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివారు మన్నించాలి.

పుట్టుకతోనే ధారావాహిక

సూపర్‌మాన్ 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలోనూ, బ్యాట్‌మాన్ 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలోనూ పుట్టారు. రెండూ నెలనెలా వచ్చే పత్రికలే. వెండితెర మీదికి వచ్చినప్పుడు కూడా ఈ కథలు ముక్కలుగానే వచ్చాయి. 1941లో ‘అడ్వెంచర్స్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్’ 12 భాగాలుగా, 1943లో ‘బ్యాట్‌మాన్’ 15 భాగాలుగా సినిమాహాళ్ళలో వారానికొకటి చొప్పున ఆడాయి. 1952 నుంచి 1958 వరకు సూపర్‌మాన్ టీవీలో కనిపించాడు. 1966లో మొదలైన బ్యాట్‌మాన్ టీవీ కార్యక్రమం మొదట్లో వారానికి రెండు రోజులు వచ్చేది. మొదటి రోజు వీరుడు ఉచ్చులో పడేవాడు, రెండవ రోజు బయటపడేవాడు. రిచర్డ్ డానర్ భారీ వ్యయంతో ‘సూపర్‌మాన్’ చిత్రాన్ని తీసింది 1978లో. అంటే మనం ఇవాళ అనుకునే సూపర్‌హీరో సినిమాకు 40 ఏళ్ళ ముందునుంచే ఈ కథలు ధారావాహికలు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసిన మన తరానికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అయితే ఒక భేదం గమనించాలి. సుబ్రహ్మణ్యం కథలకు ముగింపు ఉండేది. అమెరికన్ కామిక్స్‌కు ముగింపు లేదు. వచ్చే నెల సంచిక కూడా అమ్ముడుపోవాలి కాబట్టి వీరుడు మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలి. అతడు ముసలివాడు కాకూడదు, నిజంగా చనిపోకూడదు, తాను చేసిన పనికి మూల్యం పూర్తిగా చెల్లించకూడదు. అంతులేని ధారావాహికకు కాలం పుష్కలంగా ఉంటుంది గాని, మార్పుకు చోటు ఉండదు. సినిమాకు ముగింపు ఉంది గాని కాలం తక్కువ. లఘు ధారావాహికలో కాలమూ ఉంది, ముగింపూ ఉంది. దాని ప్రత్యేకత అదే.

సినిమా చెయ్యగలిగినది

ఇలా అన్నంత మాత్రాన సినిమా తక్కువదని కాదు. క్రిస్టొఫర్ నోలన్ తీసిన ‘ది డార్క్ నైట్’ (2008)లో రెండు ఓడలున్నాయి. ఒకదాంట్లో మామూలు పౌరులు, మరొకదాంట్లో ఖైదీలు. ఒక ఓడను పేల్చే మీట రెండవ ఓడవాళ్ళ చేతిలో ఉంటుంది. అర్ధరాత్రిలోగా ఎవరో ఒకరు మీట నొక్కకపోతే రెండూ పేలిపోతాయని జోకర్ చెబుతాడు. చివరికి ఒక ఖైదీ ఆ మీటను తీసుకుని కిటికీలోంచి విసిరేస్తాడు. అతని పేరు మనకు తెలియదు, తెలియనక్కరలేదు. ఆ సన్నివేశం అడుగుతున్నది ఫలానా మనిషి గురించి కాదు. ఏ మనిషైనా ఆ స్థితిలో ఏం చేస్తాడని. చీకట్లో వందలాది అపరిచితులతో కూర్చుని చూస్తున్న ప్రేక్షకుడు తానూ ఒక ఓడలో ఉన్నట్టే భావిస్తాడు. ఇదే సన్నివేశాన్ని ఒక భాగం చివర ఆపి వారం తరవాత కొనసాగిస్తే ఉత్కంఠ మిగులుతుందేమోగాని, ఆ నైతికమైన ఒత్తిడి చల్లారిపోతుంది.

‘స్పైడర్‌మాన్ 2’ (2004)లో రైలు దృశ్యమూ ఇలాంటిదే. అదుపుతప్పిన రైలును ఆపి స్పృహ తప్పిన పీటర్‌ను ప్రయాణికులు చేతులమీదుగా లోపలికి తీసుకువెళతారు. ముసుగు లేని ఆ ముఖం చూసి, తమ పిల్లల ఈడువాడేనని విస్తుపోతారు. అక్కడ మూడు నిమిషాలు చాలు. మన ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ (2024) సినిమాగా ఒప్పించడానికి కూడా కారణం ఇదే. ఒక అల్పుడికి అనూహ్యమైన శక్తి రావడం, దానికి అతడు అర్హుడని రుజువు కావడం అందులోని కథ. శక్తి రావడం, నిర్ణయం తీసుకోవడం, ప్రాణం ఇవ్వడం వంటివి ఒక్క రాత్రిలో జరిగే సంఘటనలు. వాటికి సినిమా కొలత సరిపోతుంది.

మరి మర్నాడు ఉదయం సంగతి?

ఒకే సంఘటన, రెండు చూపులు

ఒకే సంఘటనను మొదట సినిమాగా, తరవాత ధారావాహికగా చూపించిన సందర్భాలు ఈ మధ్య కొన్ని వచ్చాయి. రెండు రూపాలనూ పోల్చడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ (2019) మూడు గంటల సినిమా. అంతకు ముందు చిత్రంలో మాయమైపోయిన సగం ప్రాణికోటి ఐదేళ్ళ తరవాత తిరిగి వస్తుంది. కాంతివలయాల్లోంచి వీరులు ఒక్కొక్కరే నడిచి వస్తుంటే థియేటర్లలో ఈలలు, చప్పట్లు మార్మోగాయి. 2021లో వచ్చిన తొమ్మిది భాగాల ‘వాండావిజన్’లో నాలుగవ భాగం అదే క్షణంతో మొదలవుతుంది. ఈసారి చోటు ఆసుపత్రి. మోనికా అనే యువతి తల్లి పడక పక్కన కుర్చీలో ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. నడవా నిండా గాలిలోంచి ఊడిపడుతున్న మనుషులు, కేకలు, ఎవరికి ఏం చెప్పాలో తెలియని సిబ్బంది. అమ్మ ఎక్కడ అని మోనికా అడుగుతుంది. ఆమె పోయి మూడేళ్ళయిందని డాక్టరు చెబుతుంది. మోనికా దృష్టిలో మాత్రం తాను కాసేపు కునుకు తీసి లేచింది, అంతే. మూడు గంటల సినిమా విజయంగా చూపినదాన్ని ఈ కొద్ది నిమిషాలు ఆసుపత్రి నడవాలోంచి చూపించాయి. ఇన్నేళ్ళుగా అలాంటి నడవాల్లో తిరిగినవాడిగా, ఆ కాంతివలయాలకన్నా ఈ దృశ్యమే నాకు ఎక్కువ నిజం అనిపించింది.

రెండవ ఉదాహరణ మాట్ రీవ్స్ తీసిన ‘ది బ్యాట్‌మాన్’ (2022). చివర రిడ్లర్ అనే ప్రతినాయకుడు గోతమ్ నగరపు సముద్రపు గోడను పేల్చేస్తాడు, నగరం మునుగుతుంది. బ్యాట్‌మాన్ ఎర్రటి మంటను చేతపట్టి జనాన్ని నీళ్ళలోంచి నడిపించడం ఆ చిత్రంలోని గొప్ప దృశ్యాల్లో ఒకటి. 2024లో వచ్చిన ఎనిమిది భాగాల ‘ది పెంగ్విన్’ ఆ వరద తరవాత వారానికి మొదలవుతుంది. అందులో విక్టర్ అనే పేద కుర్రవాడున్నాడు, మాటలు తడబడతాయి. మూడవ భాగం మొదట్లో అతడు స్నేహితురాలితో మేడ మీద నిలబడి ఉండగా దూరాన పేలుళ్ళు వినిపిస్తాయి. చూస్తుండగానే తన తల్లి, తండ్రి, చెల్లెలు ఉన్న ఇంటిని నీళ్ళు మింగేస్తాయి. సినిమాలో వరద ఒక ముగింపు. ధారావాహికలో అదే వరద ఒక అనాథ పుట్టుక. దిక్కులేని ఆ కుర్రవాడు నేరస్థుడైన పెంగ్విన్‌నే తండ్రిలా నమ్ముతాడు. చివరికి ఆ చేతుల్లోనే చనిపోతాడు. బ్యాట్‌మాన్ అతన్ని ఒక్కసారైనా చూడలేదు.

‘వాచ్‌మెన్’: లెక్క, ముఖం

మూడవ ఉదాహరణకు కొంచెం ఎక్కువ చోటు కావాలి. ఆలన్ మూర్ రచన, డేవ్ గిబ్బన్స్ బొమ్మలతో ‘వాచ్‌మెన్’ 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. దాన్ని సినిమాగా తీయడానికి ప్రయత్నించినవారిలో టెర్రీ గిలియమ్ ఒకడు. రెండు గంటల్లో అది ఇమడదనీ, ఐదు గంటల ధారావాహిక అయితే నయమనీ అతడు అభిప్రాయపడ్డాడు. చివరకు జాక్ స్నైడర్ 2009లో 162 నిమిషాల చిత్రంగా తీశాడు. దృశ్యాలపరంగా అది మూలానికి ఎంతో విధేయమైన చిత్రం. అయినా ఏదో పోయింది. ఏమిటది?

ఈ కథలో ఓజిమాండియాస్ అనే మేధావి, అణుయుద్ధాన్ని ఆపడానికని న్యూయార్కులో లక్షలమందిని చంపుతాడు. ఆ లెక్క సరైనదేనా అన్నది కథలోని నైతిక ప్రశ్న. మూర్ ఆ ప్రశ్నకు బరువు తెచ్చిన విధానం ఇది. 12 సంచికల పొడుగునా ఒక వీధి మూలకు మళ్ళీ మళ్ళీ తీసుకువెళతాడు. అక్కడ పత్రికలమ్ముకునే ముసలాయన ఉంటాడు. పక్కన కూర్చుని డబ్బులివ్వకుండా కామిక్స్ చదివే కుర్రవాడు ఉంటాడు. మాల్కమ్ లాంగ్ అనే మానసిక వైద్యుడూ కథలోకి వస్తాడు. జైలులో ఉన్న రోర్షాక్‌ను బాగుచెయ్యగలనన్న ఉత్సాహంతో మొదలుపెట్టి, ఆ రోగి చెప్పిన విషయాల చీకటి తన ఇంట్లోకి, తన దాంపత్యంలోకి పాకుతుంటే నలిగిపోతాడు. ఆరవ సంచిక దాదాపుగా అతనిదే. విలయం వచ్చే క్షణానికి అతడు ఆ వీధి మూలనే ఉంటాడు, ఎవరో కొట్టుకుంటుంటే విడదీయబోతాడు. వద్దని భార్య బతిమాలుతున్నా ఆగడు. తరవాత అంతా తెల్లని వెలుగు. ఓజిమాండియాస్ లెక్కలో వాళ్ళు అంకెలు. పాఠకుడికి మాత్రం ఏడాదిగా పరిచయమున్న మనుషులు.

సినిమాలో వీరులందరూ ఉన్నారు, వీధి మూల దాదాపుగా లేదు. మాల్కమ్ లాంగ్ జైలు గదిలో కాసేపు కనిపించి వెళ్ళిపోతాడు. నగరాలు పేలుతున్నప్పుడు మనం పొగను చూస్తాం. ఆ కోత దర్శకుడి అశ్రద్ధవల్ల జరిగిందనుకోను. 162 నిమిషాల్లో ఆరుగురు వీరుల గతాన్నీ వర్తమానాన్నీ చెప్పాలంటే కోతకు మొదట గురయ్యేది పత్రికల దుకాణమే. తరవాత వచ్చిన 3 గంటల 35 నిమిషాల కూర్పులో ఆ మూల కొంతవరకు తిరిగి వచ్చింది. అంటే, ఆ మనుషులకు కావలసింది కాలమేనని సినిమా తీసినవారూ గ్రహించారు.

2019లో డేమన్ లిండెలాఫ్ హెచ్.బి.ఓ. కోసం చేసిన తొమ్మిది భాగాల ‘వాచ్‌మెన్’, పాత కథను మళ్ళీ చెప్పకుండా 34 ఏళ్ళ తరవాతి లోకాన్ని చూపించింది. ఐదవ భాగం 1985 నాటి విలయంనుంచి బతికి బయటపడిన ఒక మనిషిది. నడివయసు వచ్చినా ఆ భయం అతన్ని వదలలేదు. టోపీకి లోపల లోహపు పొర అంటించుకుంటాడు, ఇంట్లో ప్రమాద ఘంటికలు పెట్టి కసరత్తు చేస్తుంటాడు, తనలాంటి బాధితుల బృందాన్ని నడుపుతాడు. ఓజిమాండియాస్ లెక్కలో అతడు ‘రక్షింపబడినవాడు’. క్లినిక్కులో కూర్చునే ఏ వైద్యుడైనా అతన్ని గుర్తుపడతాడు.

ఆరవ భాగం ఇంకా ముందుకు వెళ్ళింది. ఈ ధారావాహిక మొదలయ్యేది 1921లో, ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో. మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లవారి గుంపులు గ్రీన్‌వుడ్ అనే సంపన్నమైన నల్లవారి పేటను తగలబెట్టి, నివాసులను చంపిన ఘోరం కల్పన కాదు, చరిత్ర. చాలామంది అమెరికన్లు దాని గురించి ఈ ధారావాహిక ద్వారానే మొదటిసారి విన్నారు. ఆ సమయంలో ఒక పసివాడు సినిమాహాల్లో మూకీచిత్రం చూస్తుంటాడు. దొంగ షెరీఫును పట్టుకున్న నల్లజాతి మార్షల్, గుంపు చేతికి అతన్ని అప్పగించకుండా చట్టాన్ని నమ్మమంటాడు. బయట ఊరు తగలబడుతుంటుంది. ఆ పిల్లవాడు విల్ రీవ్స్ పెరిగి, 1938లో న్యూయార్కులో పోలీసుగా చేరతాడు. తోటి పోలీసులే అతనికి ముసుగు తొడిగి, చెట్టుకు ఉరివేసి, ప్రాణం పోయే ముందు దింపి వదిలేస్తారు. ఆ ముసుగూ ఆ తాడూ మెడలోని మచ్చా కలిసి ఒక సూపర్‌హీరో వేషం అవుతాయి. 2019లో అతని మనుమరాలు ఆ జ్ఞాపకాలను మాత్రల రూపంలో మింగి, తానే ఆయనగా అనుభవిస్తుంది.

ఒక సినిమా ఒక పిల్లవాడికి ఒక్క రోజులో ఆదర్శాన్ని ఇచ్చింది. ఆ ఆదర్శం 98 ఏళ్ళపాటు అతన్నీ, అతని సంతానాన్నీ ఏం చేసిందో చెప్పడానికి ధారావాహిక అవసరమయింది. రెండు రూపాల బలాలూ ఆ ఒక్క కథలోనే కనిపిస్తాయి. కొనసాగింపుకు గిరాకీ ఉన్నా లిండెలాఫ్ రెండవ విడతకు పూనుకోలేదు. చెప్పవలసిన కథ అయిపోయింది.

ధారావాహిక ఓడిపోయేది ఎక్కడ

కాలం చేతిలో ఉన్నా దాన్ని సరైన మనిషి మీద ఖర్చు పెట్టకపోతే ధారావాహిక కూడా ఓడిపోతుంది. 2021లోనే వచ్చిన ఆరు భాగాల ‘ది ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్’ దీనికి నిదర్శనం. అందులో ఐజాయా బ్రాడ్లీ అనే వృద్ధుడున్నాడు. కెప్టెన్ అమెరికాను తయారుచేసిన మందును నల్లజాతి సైనికుల మీద రహస్యంగా ప్రయోగించినప్పుడు బతికి మిగిలినవాడు. ఆ తరవాత 30 ఏళ్ళు జైల్లో పెట్టి అతని శరీరం మీద ప్రయోగాలు చేశారు. ఈ పాత్ర 2003 నాటి ఒక కామిక్ నుంచి వచ్చింది. దాని వెనక ఉన్నది టస్కీగీ ఉదంతం. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం 1932 నుంచి 1972 వరకు అలబామాలో 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో పెట్టింది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ వ్యాధి ఉంది. 1940ల చివరికి పెన్సిలిన్ ప్రామాణిక చికిత్స అయినా దాన్ని వాళ్ళకు అందనివ్వలేదు. వైద్యవృత్తి మీద ఇంతకన్నా పెద్ద మచ్చలు తక్కువ.

ఆరు గంటలు చేతిలో ఉన్న ధారావాహిక ఐజాయాకు ఒక్క గంట కూడా ఇవ్వలేదు. అతడు కొన్ని సన్నివేశాల్లో కనిపించి, తన గాథను మాటల్లో చెబుతాడు. చివర మ్యూజియంలో అతనికి ఒక విగ్రహం పెడతారు. మిగిలిన కాలం విమానాల మీద, ముష్టియుద్ధాల మీద ఖర్చయింది. ఇది ఆరు ముక్కలుగా కోసిన సినిమా. ‘వాచ్‌మెన్’ తన ఆరవ గంటను విల్ రీవ్స్‌కు ఇచ్చింది. ‘ది పెంగ్విన్’ నాలుగవ భాగం, తండ్రి కుట్రవల్ల పదేళ్ళు పిచ్చాసుపత్రిలో మగ్గిన సోఫియాది. తేడా అంతా అక్కడే.

‘వాండావిజన్’ కూడా చివరికొచ్చేసరికి తడబడింది. వాండా అనే మంత్రశక్తిగల స్త్రీ, ప్రియుణ్ణి పోగొట్టుకున్న దుఃఖంలో ఒక ఊరినంతటినీ తన కలలో బంధిస్తుంది. దుఃఖం ఎప్పుడు రుగ్మత అవుతుందన్నది వైద్యశాస్త్రంలో చాలాకాలం నలిగిన ప్రశ్న. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2022లో ‘దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత’ను తన గ్రంథంలో చేర్చినప్పుడు, పెద్దలకు కనీసం 12 నెలలు గడవాలన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అది 6 నెలలు. వాండా కథ ప్రియుడు పోయిన కొద్ది వారాలకే జరుగుతుంది. కాబట్టి ఆమె దుఃఖంలో అసహజమేమీ లేదు. తప్పంతా ఆ దుఃఖాన్ని ఇతరులతో మోయించడంలో ఉంది. ఎనిమిది భాగాలు ఈ విషయాన్ని ఓపికగా చెప్పాయి. తొమ్మిదవ భాగం మాత్రం ఆకాశంలో ఎర్ర, ఊదా కాంతుల యుద్ధమయింది. ఆమె పీడకలలను తమ నిద్రలో అనుభవించిన ఊరివాళ్ళకు దక్కింది కొన్ని నిమిషాలే. వాళ్ళ మధ్యనుంచి ఆమె తలదించుకుని నడిచి వెళ్ళిపోతుంది. వాళ్ళేమయ్యారో ఎవరూ అడగలేదు.

వీటి వెనక వ్యాపార కారణమూ ఉంది. డిస్నీ సంస్థ 2019 నవంబరులో తన స్ట్రీమింగ్ సేవను ప్రారంభించింది. చందాదారులను నిలుపుకోవడానికి నెలనెలా కొత్త సరుకు కావలసివచ్చింది. ఇన్ని ధారావాహికలు తియ్యడంవల్ల దృష్టి పలచబడిందని ఆ సంస్థ అధిపతి బాబ్ ఐగర్ 2023లో స్వయంగా ఒప్పుకున్నాడు. నిడివిని కథ నిర్ణయించకుండా చందా నిర్ణయిస్తే జరిగేది ఇదే.

నా వాదనకు ఎదురు నిలిచే సినిమా ఒకటుంది, ‘లోగన్’ (2017). వృద్ధాప్యం, మందులు, మతి తప్పుతున్న గురువును ఎత్తుకుని పడుకోబెట్టే శిష్యుడు, అన్నీ దీర్ఘవ్యాధి లక్షణాలే. అది రెండుంబావు గంటల్లో ఎలా సాధ్యమయింది? 2000 నుంచి హ్యూ జాక్‌మన్, పాట్రిక్ స్టీవర్ట్ ఆ పాత్రల్లోనే మన కళ్ళముందు ముసలివాళ్ళయ్యారు. ‘లోగన్’ ఆ 17 ఏళ్ళనూ అరువు తెచ్చుకుంది. కాబట్టి అది నా వాదనను పూర్వపక్షం చెయ్యదనే అనుకుంటాను. అలాంటి కథకు కాలం ఎక్కడినుంచో ఒకచోటినుంచి రావాలి.

కొలబద్ద

కాబట్టి ఏది మేలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. కథకు గుండెకాయ ఒక నిర్ణయమైతే అది సినిమా కావాలి. ఆ నిర్ణయంతో ఇతరులు ఎలా బతికారన్నది గుండెకాయ అయితే లఘు ధారావాహిక కావాలి. రెండవది సఫలమయిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. చూడడం పూర్తయ్యాక, ఏ శక్తీ లేని మనుషుల పేర్లు ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టుకోవాలి. విక్టర్, మాల్కమ్ లాంగ్ వంటి పేర్లు నాలుగైనా తట్టకపోతే ఆ గంటలు వృథా.

తెలుగులో ఈ కథలు ఇప్పుడిప్పుడే వేళ్ళూనుకుంటున్నాయి. ‘హను-మాన్’లోని అంజనాద్రి కల్పిత గ్రామం. వీరుడు దాన్ని కాపాడాడు, సినిమా ముగిసింది, అది న్యాయమే. అయితే పాలెగాడి పెత్తనంలో ఏళ్ళ తరబడి తల వంచుకు బతికిన ఆ ఊరివాళ్ళు, తమలో ఒకడికి దైవశక్తి వచ్చిన తరవాత ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటారు? అతని గుమ్మం ముందు ఎవరు బారులు తీరుతారు? తగాదాలు ఎవరు తీరుస్తారు? ఆరు భాగాలకు సరిపడే కథ అక్కడ ఉంది. దాన్ని రాసేవాళ్ళు వీరుడికి ఒక భాగం ఇచ్చి, మిగిలిన ఐదూ ఊరికి ఇస్తే బాగుంటుంది.